ఆకుపచ్చ బల్బు

గురువుగారికి నమస్కారాలు.

మీ సన్మాన సభలో నన్ను నాలుగు మాటలు చెప్పమని రాశారు. సంతోషం.

చీకట్లోనూ ఆకు ఆహారం తయారుచేసుకుంటుందని మీరు జీవితమంతా రాశారు. మొన్న మన ల్యాబులోని చీకటి గదిలో, పని చేసుకోవడానికి వెలిగించే ఆకుపచ్చ బల్బును కూడా ఆర్పేసి అదే ప్రయోగం చేశాను. ఆకు ఏమీ తయారుచేయలేదు. ఇన్నేళ్లూ అది ఆ బల్బు వెలుగునే తాగింది.

మీ దగ్గర చేరిన కొత్తలోనే ఈ సందేహం అడిగాను, గుర్తుందా? “ఆకుపచ్చ వెలుగు ఆకుకి పనికిరాదయ్యా. నోరు మూసుకుని పని చూడు” అన్నారు. మీరు రిటైరయ్యేదాకా మూసుకునే ఉన్నాను.

సభలో నోరు విప్పుతాను. అమ్మగారినీ మనవళ్లనూ తప్పక తీసుకురండి. ముందు వరసలోనే కుర్చీలు వేయిస్తున్నాను.

మీరు తీర్చిదిద్దిన
శిష్యుడు