అప్పన్న కప్పించుకోని శాలువా

1979 నవంబరు, ఆదివారం రాత్రి. భాలుబాసా.

ఇవాళ మన తెలుగు సంఘం సభలో చేసిన పని తలుచుకుంటే ఇంకా సిగ్గుగానే ఉంది.

ఊరుగాని ఊళ్ళో, ఈ ఫ్యాక్టరీ పేటలో తెలుగువాళ్ళ ఇంట్లో ఎవరు పోయినా, డ్యూటీ దిగి తిన్నగా వచ్చి పాడె కట్టేది అప్పన్నే. సువర్ణరేఖ ఏటి ఒడ్డున శ్మశానందాకా భుజం మార్చుకోడు. అతనికీ వయసు మీద పడుతోంది. నలుగురి ముందూ సన్మానం చేస్తే, చూసి కొత్తవాళ్ళు పాడె మొయ్యడానికి సంఘం పుస్తకంలో పేర్లిస్తారని కార్యదర్శిగా నేనే అనుకున్నాను.

శాలువా చేతిలో పెట్టుకుని, ఈ ఏడు అతను ఎవరెవరిని మోశాడో మైకులో పేరుపేరునా చదివాను. మధ్యలోనే అప్పన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపండి బాబూ. ఆలింటోల్లు ఎదురుగా కూకున్నారు. సావుకెల్లినోడికి సాలువా ఏటి?"

అప్పుడు చూశాను. ముందు వరసలో సూరమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఉంది. నేను అప్పుడే చదివింది ఆమె కొడుకు పేరు.

సభ అయ్యేసరికి పుస్తకంలో ఒక్క పేరూ పడలేదు. బయట సైకిల్ తీస్తున్న అప్పన్నతో ఆ మాటే అన్నాను.

"ఆల్నీ ఈల్నీ ఎందుకు బాబూ? ఈసారి కబురొత్తే మీరే రండి. ఒక భుజం తక్కువౌతంది."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఇన్నేళ్ళూ పాడె వెనక వీధి చివరిదాకా నడిచి, దండం పెట్టి, వెనక్కి వచ్చేసినవాణ్ణే నేను. వస్తానని అనలేదు. రానని కూడా అనలేకపోయాను.

శాలువా మడిచి పెట్టెలో పెట్టేశాను. పేర్ల పుస్తకం మాత్రం తెరిచే ఉంది, మొదటి గీత ఖాళీగా...