మిగిలిపోయిన రెండు స్పీకర్లు

ఏమండీ, నేను డ్యూటీకి వెళ్తున్నా. అత్తయ్య కుర్చీ వెనకున్న నల్ల స్పీకర్ కదపకండి. కొత్త హోమ్ థియేటర్ వచ్చాక "ఎందుకైనా పనికొస్తాయి" అంటూ మీరు అటక మీద దాచిన పాతవాటిలో అదొకటి. టీవీకి కలిపాను. ఆవిడ అడిగితే టీవీ బాగుచేయించామనండి, చెవుల మాట మాత్రం ఎత్తకండి. సీరియల్లో నవ్వొచ్చే చోట మన మొహాలు చూసి నవ్వే మనిషి, పొద్దున తనంతట తనే పకపకా నవ్వారు.

రెండోది మీ గదిలో బిగించాను. దాని మైకు వంటింట్లో నా చేతికందేలా ఉంది. మిమ్మల్ని భోజనానికి పిలిచీ పిలిచీ నా గొంతు పోతోంది మరి.

తా.క. "పిలిచావా? వినపడలేదే!" అనే హక్కు ఇకమీదట ఈ ఇంట్లో అత్తయ్య ఒక్కరికే.