పెస్టు పట్టిన తిరునాళ్ళ

ఎర్రగుంటపాలెం,
ఏప్రిల్ 20

చిరంజీవి తేజశ్రీని పెదనాన్న పేరయ్య దీవించి రాసేది.

ఫోన్‌లో నువ్వు అరిచేది నాకు వినపడదు, నేను అరిచేది ఊరంతా వింటుంది. అందుకే ఉత్తరం.

అమ్మాయ్, మన నాగమ్మ తిరునాళ్ళకు పేరు మార్చారంటగా! మార్టూరు బస్టాండులో ఫ్లెక్సీ చూసి గుండె జారిపోయింది. "సమ్మర్ పెస్టు" అంట! కమిటీలో నువ్వుండి కూడా ఇట్టా జరిగిందేంటి? మా నాయనమ్మ నాగమ్మ మండుటెండలో దారినపోయేవాళ్ళకు మజ్జిగ పోస్తే, ఆ పందిరి చుట్టూ పుట్టిన తిరునాళ్ళ అది. ఆవిడ పేరు తీసేసి పెస్టు పేరు పెడతారా? పోయినేడు నా మిరపచేనంతా నాకేసింది ఆ పెస్టే కదా!

ఇట్లు,
మండిపోతున్న నీ పెదనాన్న

తా.క.: ఫ్లెక్సీలో నీ ఫొటో బాగుంది. కానీ సరిగ్గా పెస్టు కిందే వేశారు.

*

గుంటూరు,
ఏప్రిల్ 25

పెదనాన్నకు తేజశ్రీ నమస్కారాలు.

కోపం తెచ్చుకోకండి. ఫెస్ట్ లేని ఊరు ఇప్పుడెక్కడుంది? మొదట్లో పెద్దవాళ్ళకు నచ్చదు, పోనుపోను అలవాటైపోతుంది. నాగమ్మ తిరునాళ్ళంటే కుర్రకారు రావడం లేదు, స్పాన్సర్లు ముందుకు రావడం లేదు. ఈసారి వ్యవసాయాధికారి గారు కూడా వస్తున్నారు. మన ఊళ్ళో ఎవరి దగ్గర ఏది బాగా పెరిగితే అది తెమ్మనండి. ప్రదర్శనకు పెడతాం. అన్నిటికన్నా పెద్దదానికి బహుమతి!

మీ
తేజశ్రీ

తా.క.: మీరు "పెస్టు" అని రాస్తే నవ్వాగలేదు. ఇంగ్లీషు మీ తర్వాతే ఎవరైనా.

*

ఎర్రగుంటపాలెం,
ఏప్రిల్ 30

చిరంజీవి తేజశ్రీకి ఆశీస్సులు.

అధికారి గారికి చూపించటానికే అని ముందే చెబితే నేనెందుకు అరుస్తాను తల్లీ! పేరు నచ్చకపోయినా పని మంచిది. మైకులో చెప్పించాను. ఆదాం తన వంగతోటలో ఏరుతున్నాడు. కోటిరత్నం పొద్దున్నే బుట్ట పట్టుకుని మునగచెట్టు కింద చేరింది. ఇంత ఉత్సాహం ఈ ఊళ్ళో ఎలక్షన్లకు కూడా చూడలేదు.

నీ పెదనాన్న

తా.క.: బహుమతి కోటిరత్నానిదే. బొచ్చు కూడా బాగా వచ్చిందంటుంది.

*

గుంటూరు,
మే 12

పెదనాన్నా!

మీరు మజ్జిగ పందిట్లో ఉండిపోయారు కాబట్టి ఇదంతా చూడలేదు. మునక్కాయలు కదా అని కోటిరత్నం పిన్ని బుట్టను భోజనాల బల్ల మీదే పెట్టించాను. "ఏం తెచ్చావమ్మా?" అని అధికారి గారు అడిగారు. "మీరే చూడండయ్యా, అన్నీ బతికే ఉన్నాయి" అని పిన్ని గుడ్డ తీసింది. గొంగళిపురుగులు! ఆయన ఎగిరి కుర్చీ ఎక్కారు. ఆ తొక్కిసలాటలో బుట్ట పులిహోరలో బోర్లాపడింది. జనమంతా పరిగెడుతుంటే ఆదాం బాబాయి పుచ్చు వంకాయలు పట్టుకుని, "ఆగండయ్యా, నాయి చూడకుండా పోతారేంటి?" అని వెంటపడ్డాడు.

అది పెస్ట్ కాదు పెదనాన్నా, ఫెస్ట్! అంటే పండగ! బొచ్చు అన్నప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

కమిటీ హడలిపోయి కొత్త పేరు తీసేసింది. బోర్డులన్నిటి మీదా మళ్ళీ "నాగమ్మ తిరునాళ్ళ" అని రాయించాం. మీరే గెలిచారు.

తేజశ్రీ

తా.క.: అధికారి గారి మెడ మీద దద్దుర్లు తగ్గలేదు. అయినా బహుమతి పిన్నికే ఇమ్మన్నారు.

*

ఎర్రగుంటపాలెం,
మే 20

తేజశ్రీకి పెదనాన్న తలొంచుకుని రాసేది.

పండగని ఒక్క ముక్క ముందే రాయకపోయావా తల్లీ!

నాయనమ్మ పేరు మళ్ళీ బోర్డు మీద చూసి కళ్ళు తుడుచుకున్నాను. ఆ సంబరం బస్సెక్కేదాకే. మన స్టాపు రాగానే కండక్టరు, "పురుగుల తిరునాళ్ళోళ్ళు దిగండమ్మా!" అని కేకేశాడు. తలకు తువ్వాలు కప్పుకుని దిగాను. టీ కొట్లోనూ అదే మాట, మార్టూరు గ్రానైటు రాళ్ళ ఫ్యాక్టరీల్లోనూ అదే మాట. బోర్డు చదివేవాడే లేడు. నిన్న ఒక పిల్ల, "తాతా, నాగమ్మ పురుగుల్ని పెంచేదా?" అని అడిగింది. మజ్జిగ పోసిన మనిషిని పట్టుకుని ఆ మాటా! విన్నాక అన్నం సయించలేదు.

అమ్మాయ్, ఆ బోర్డులు తీసేయించు. నీ ఫెస్టే మళ్ళీ పెట్టించు. కావాలంటే ఇంకా పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టుకోండి. నాయనమ్మను మాత్రం ఈ పురుగుల్లోంచి బయటపడెయ్యండి.

ఇట్లు,
గెలిచి ఓడిన నీ పెదనాన్న

తా.క.: ఇక మీదట కవరు మీద నా ఇంటిపేరు, ఊరిపేరు రాసి శ్రమపడొద్దు. "పురుగుల పేరయ్య" అని రాస్తే చాలు, చేరుతుందని పోస్ట్‌మాన్ చెప్పాడు.