మేక దొరికిందా?

సుజాతక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజే మనిద్దరం కలిసి పాఠాలు చెప్పిన ధర్మసాగర్ బడికి, పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చిందో చూసేందుకు ఒక సారు వచ్చాడు. పొద్దున్నుంచి నా కాళ్లు ఒకచోట నిలవలేదు.

మమత గుర్తుంది కదా? పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాఠమంతా గడగడా అప్పజెప్పిన పిల్ల. ఆమెను చూసే కదా, రోజూ ఒక గంట కొత్త కథలు చదివించాలని నువ్వు పట్టుబట్టావు.

సారు ఆమెకు ఎన్నడూ చూడని కాగితం ఇచ్చాడు. తప్పిపోయిన మేక కథ. మమత వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. తర్వాత కాగితం తిప్పి వెనక చూసింది.

"సార్, మరి మేక దొరికిందా?"

"పరీక్షకు గింతే ఉంటది బిడ్డా. కాయితం ఇయ్యి."

"మిగిలింది చెప్తెనే ఇస్త."

సారు నవ్వాపుకోలేక నా వైపు చూశాడు. నాకైతే అక్కడే గంతులేయాలనిపించింది అక్కా. చదవడం వచ్చిందనడానికి ఇంకేం రుజువు కావాలి?

మిగతా కథ రేపు చెప్తామని నచ్చజెప్పి కాగితం ఇప్పించాను. ఆ మాట అంటూనే అలవాటుగా నీ కుర్చీ వైపు చూశాను. అప్పటికప్పుడు కథ అల్లడం నీకే వచ్చు.

రేపు బడి గంట కొట్టేలోపు, ఆ మేకను నేనొక్కదాన్నే ఇంటికి తోలుకురావాలి.