తాయారు కోపానికి గ్రాఫు

బొబ్బిలి,
8 ఏప్రిల్ 1968

బావ నారాయణమూర్తికి, ఈసారి నమస్కారాలు లేవు.

నువ్వు జైలరువి. చదువుకున్న జైలరువి కాబట్టి మామూలు జైలరు కంటే ప్రమాదకరమైనవాడివి. మెట్రిక్ ఇంగ్లీషు పరీక్ష రాయవలసిన రోజున కట్టుకున్న భార్యను ఇంట్లో ఉంచి, వీధి తలుపుకు తాళం వేసుకుని, కాలేజీకి పోయి పిల్లలకు లెక్కలు చెప్పి, సాయంత్రం తీరిగ్గా వచ్చి తాళం తీశావు. నా చెల్లెలు ఇన్నాళ్ళూ పొయ్యి ముందు గ్రామరు పుస్తకం పెట్టుకుని చదివిన చదువంతా ఆ తలుపు వెనకే ఉండిపోయింది. ఆమె కేకలు పక్కింటివాళ్ళకు వినిపించాయట. మొగుడూ పెళ్ళాల గొడవలో మనమెందుకులే అనుకున్నారట. ఇదీ మన సంఘం.

నిన్న ట్రంకు పెట్టెతో రైలు దిగింది. "ఏటయ్యిందే" అని నా భార్య జగ్గమ్మ అడిగితే, "నన్ను లోపలెట్టి తాళమేసీసి ఎలిపోనాడు వదినా. సాయంత్రం వొచ్చి, వొచ్చే ఏడు రాద్దువుగానిలే, కాఫీ ఉన్నాదా, అనీసి అడిగినాడు" అంది. తాళానికి క్షమ ఉందేమో గాని, ఆ కాఫీకి లేదు బావా.

జగ్గమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు, కరపత్రం రాశాను. నా ట్రెడిల్ ప్రెస్సులో అది అచ్చవుతోంది. సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష ఉంది. తాయారు దానికి కూర్చుంటుందా, కూర్చోదా? ఇప్పుడు తేలవలసింది ఇదొక్కటే. "ఇంక సదవను, ఎందుకొచ్చిన సదువు" అంటోంది. నువ్వు వెంటనే వచ్చి ఆమె ముందు తప్పు ఒప్పుకో.

ఇట్లు,
అన్యాయం సొంత బావ చేసినా ఊరుకోని
నరసింగరావు

తా.క. తాయారు నిన్ను పేరు పెట్టి అంటోంది. 'ఆయన', 'మీ బావ' అనే మాటలన్నీ పోయాయి. పొద్దుట లేచిన దగ్గర్నుంచి 'నారాయణమూర్తి' అంటోంది, ఇంటిపేరుతో సహా. జగ్గమ్మ వినలేక లెంపలేసుకుంటోంది. నేను మాత్రం పొంగిపోతున్నాను. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందన్న మూఢనమ్మకం ఈ వీధిలో మొదట మా ఇంట్లోనే కూలింది. నీ ఆరోగ్యం ఎలా ఉంది?


విజయనగరం,
15 ఏప్రిల్ 1968

పూజ్యులైన బావగారికి నారాయణమూర్తి నమస్కరించి రాయునది.

ఆరోగ్యం బాగానే ఉంది. తప్పు నాదే. రోజూ తాయారు నాకంటే ముందు ట్యూషనుకు వెళ్తుంది, నేను తాళం వేసుకుని పోతాను. ఆ పూట పెరట్లో కూర్చుని పెన్నులో సిరా పోసుకుంటోందని నాకు తెలియదు. నా చెయ్యి తలుపు దగ్గర ఉంది గాని తల ఒక అనంత శ్రేణిలో ఉంది.

అయితే ఇప్పుడు నేను రావడం శాస్త్రీయం కాదు. కోపం వేడి గిన్నె లాంటిది. ఎంత వేడిగా ఉంటే అంత తొందరగా చల్లారుతుంది, చల్లారే కొద్దీ నెమ్మదిస్తుంది. ప్రతి క్షణం తగ్గుదల ఆ క్షణంలో ఉన్న వేడిని బట్టే గాని, నిన్న ఎంత కాలిందో దానికి అనవసరం. దీన్నే మేము ఎక్స్‌పొనెన్షియల్ ప్రమేయం అంటాం. గతం గుర్తుండని ప్రమేయం. మధ్యలో నేను వచ్చి ఏదో ఒకటి అన్నాననుకోండి, గిన్నె మళ్ళీ పొయ్యెక్కుతుంది. అందుచేత లెక్కలోకి రానంత చిన్నదయ్యాక వచ్చి తీసుకుపోతాను.

కొలవడానికి థర్మామీటరు కూడా మీరే ఇచ్చారు. మామూలుగా మా ఇంట్లో నా పేరు సున్నా సార్లు వినబడుతుంది. కనుక తాయారు ఏ రోజు ఎన్నిసార్లు నా పేరు అన్నదో దయచేసి రాసి పంపండి. గ్రాఫు నేను గీసుకుంటాను.

చిత్తగించవలెను,
నారాయణమూర్తి

తా.క. మీ ఉత్తరం చదివాక ఒక్కణ్ణే కూర్చుని నా పేరు నేనే పైకి అనుకుని చూశాను. ఇంట్లో ఎంత కొత్తగా ఉందో.


బొబ్బిలి,
6 మే 1968

గిన్నెల శాస్త్రజ్ఞుడు నారాయణమూర్తికి,

నీది బూర్జువా గణితం. గతం గుర్తుండదట. గతం గుర్తుండకపోతే జమీందారుకు ఎంత సుఖం. మీ కాలేజీలో జీతాలిచ్చేది జనం చేత ఇలాంటివి మరిపించడానికే.

మా ఇంట్లో రహస్యాలు ఉండవు. నీ ఉత్తరాన్ని వరండాలో నిలబడి, వంటింటికి కూడా వినబడేలా చదివాను. తాయారు బయటికొచ్చి, "అయితే గిన్నినా నాను" అని ఒక్క మాట అడిగి లోపలికి పోయింది. అయినా వాదంలో ఎదుటివాడికి ఆధారాలు ఇవ్వకపోవడం నా పద్ధతి కాదు కాబట్టి లెక్కల కాగితం దీనితో జతచేస్తున్నాను. మొదట్లో పొద్దుటి నుంచి పొద్దు పోయేదాకా నీ నామజపమే. నీ ఉత్తరం చదివిన మర్నాటి నుంచి ఒక్కసారిగా పడిపోయింది. ఇప్పుడు బియ్యం చెరిగేటప్పుడు ఒకసారి వస్తే వచ్చినట్టు. నాకు భయం వేసింది. ఉద్యమం ఇలా చల్లబడితే ఎలా? పైగా సాయంత్రం కాగానే ఆడవాళ్ళిద్దరూ వంటింట్లో కూర్చుని ఒకే రాగంలో ఏదో పారాయణం చేస్తున్నారు. నిరాశ వచ్చినవాళ్ళు చివరికి దేవుడి దగ్గరికే పోతారు, నాకు తెలిసిందే.

అందుకని కిందటి ఆదివారం మా ప్రెస్సు ఆవరణలో స్త్రీ విమోచన మహాసభ పెట్టాను. నేను చాలాసేపు మాట్లాడాను. నీ పేరు చెప్పలేదు గాని, ఊరూ ఉద్యోగమూ చెప్పాను.

నిన్ను ఇంకా వదలని
నరసింగరావు

తా.క. సభకు ఆడవాళ్ళు రాలేకపోయారు. వచ్చినవాళ్ళందరికీ ఉప్మా చెయ్యాలి గదా, జగ్గమ్మకు సాయంగా వీధిలో ఆడవాళ్ళంతా వంటింట్లోనే ఉండిపోయారు. అధ్యక్షురాలు తాయారు కూడా పోపు వేస్తోంది. అది తప్ప సభ దిగ్విజయం.


విజయనగరం,
20 మే 1968

బావగారికి వేనవేల నమస్కారాలు.

మీరు పంపిన కాగితం నా జీవితాన్ని మార్చేసింది. మీరే రైటు. నాది తప్పు. తాయారు కోపం ఎక్స్‌పొనెన్షియల్ కాదు.

ఎంత ప్రయత్నించినా ఆ చుక్కలు నా గీత మీద కూర్చోలేదు. మొదట నా గీతకన్నా వేగంగా కిందికి దూకాయి. తరవాత కదలనని మొరాయించాయి. బియ్యం చెరిగేటప్పుడు వచ్చే ఆ ఒక్కటీ పోదు. రెండ్రోజులు అన్నం సయించలేదు (నేనే వండుకున్నందువల్ల కూడా కావచ్చు). అప్పుడు తట్టింది. పరీక్ష రోజున నా తలలో ఉన్న శ్రేణి ఇదే గదా.

వివరంగా చెప్తాను, వరండాలో చదవడానికి వీలుగా. ఒక ప్రమేయాన్ని ఒకసారి అవకలనం చెయ్యొచ్చు, రెండుసార్లు చెయ్యొచ్చు. అరసారి చేస్తే? నవ్వకండి, చెయ్యొచ్చు. ఆ అరసారి అవకలనానికి ఒక గుణం ఉంది. ఈ క్షణం ఒక్కటే దానికి చాలదు, మొదటి రోజు నుంచి జరిగినదంతా కావాలి. పాతదానికి కొంచెం తక్కువ బరువు, కొత్తదానికి ఎక్కువ బరువు, కానీ ఒక్కటీ వదలదు. మామూలు లెక్కలో ఎక్స్‌పొనెన్షియల్‌కు ఉన్న పీట, ఈ లెక్కలో మిట్టాగ్-లెఫ్లర్ అనే స్వీడను దేశపు గణితవేత్త పేరుతో ఉన్న ప్రమేయానిది. అందులో ఆల్ఫా అనే అక్షరం ఒకటి ఉంటుంది. ఆల్ఫా ఒకటైతే మన పాత గిన్నె. ఒకటికన్నా చిన్నదైతే, తగ్గినట్టే తగ్గి, ఆ తరవాత సాగుతుంది. సాగుతూనే ఉంటుంది. తాయారు ఆల్ఫా సగానికి అటూ ఇటూగా ఉందని నా అంచనా. ఇంత అందమైన ఆల్ఫా నేను ఎక్కడా చూడలేదు.

దీని మీద వ్యాసం రాస్తున్నాను. ఇప్పుడు నాకు గతం కావాలి. పెళ్ళయిన నాటి నుంచి నా మీద ఉన్నవన్నీ తాయారుని అడిగి, వరసగా రాసి పంపగలరు.

కృతజ్ఞతాభారంతో,
నారాయణమూర్తి

తా.క. ఆమెను ఎవరూ ఓదార్చకుండా చూడండి. ఇప్పుడు రాజీ పడితే గ్రాఫు మధ్యలో తెగిపోతుంది.


బొబ్బిలి,
17 జూన్ 1968

కొద్దిగా దారిలో పడుతున్న బావకు,

గతం గుర్తుండే గణితం ఉందని మొదటే చెప్పి ఉంటే మనకు పేచీ ఉండేది కాదు. ఇది పీడిత జనం గణితం. స్వీడను ఆయన ఏ పార్టీవాడో కనుక్కుని రాయి.

నీ ఉత్తరం యథాప్రకారం చదివి, తాయారుని అడిగాను. రాట్నం తిప్పినట్టు చెప్పుకుపోయింది. పెళ్ళిపీటల మీద నువ్వు తలంబ్రాల బియ్యం లెక్కపెడుతూ కూర్చున్నావట. రామతీర్థం తీసుకుపోయి, ఆమెను కొండ మీద వదిలేసి ఒక్కడివే బస్సెక్కి ఇంటికొచ్చి, భోజనానికి కూర్చుని, కంచం ఏదని కేకేశావట. మొదటిసారి చదువుకుంటానన్నప్పుడు, "నీకెందుకే అవస్థ" అని జాలిపడ్డావట. "తాళం కన్నా ఆ జాలికే నాకు ఎక్కువ మండింది" అంది. మిగతావి విడిగా పార్సెల్లో వస్తాయి.

ఈ మధ్యలో జగ్గమ్మ తలుపు చాటు నుంచి, "నాకూ ఒకటున్నాది, సెప్పీమంటారా" అంది. చెప్పమన్నాను, మనది ప్రజాస్వామ్యం గదా. "పెళ్ళైన కొత్తలో నన్ను సదివిస్తానన్నారు. పలకా బలపం తెస్తారనుకున్నాను. కరపత్రాలు తెచ్చి మడతెట్టమన్నారు. ఇప్పటికీ మడతెడతన్నాను. అందులో ఏటి రాసుందో నాకు తెల్దు" అంది. ఆవిడ నా మీద అభిమానంతో ఏదో అంది, దీన్ని నీ లెక్కలో చేర్చకు. మా ఇంట్లో కోపం ఎప్పుడో సున్నా అయిపోయింది. స్త్రీల గురించి ఈ జిల్లాలో నా అంత రాసినవాడు లేడు.

గతాన్ని మరవని
నరసింగరావు

తా.క. నీకో శుభవార్త. నిన్న మధ్యాహ్నం జగ్గమ్మ, "నరసింగరావూ, అన్నం పొంగిపోతన్నాది, దించుకో" అంది. విన్నావా, నరసింగరావూ అంది. మన ప్రచారం వంటింట్లోకి చేరింది. ఇవాళ మూడుసార్లు పిలిచింది. అన్నం మాడిపోయింది గాని, అది చిన్న విషయం.


విజయనగరం,
5 ఆగస్టు 1968

బావగారికి,

పార్సెలు అందింది. మొదట లెక్క కోసం చదివాను. రామతీర్థం దగ్గర ఆగిపోయాను. ఆ రోజు ఆమె కొండ దిగి, చీకటి పడ్డాక ఎడ్లబండిలో ఇంటికొచ్చింది. ఎలా వచ్చావని నేను అడగలేదు. అది పార్సెల్లో లేదు. నాకే గుర్తొచ్చింది. నా ఆల్ఫా కూడా ఒకటికి తక్కువేనేమో.

వ్యాసం పక్కన పెట్టాను. కొత్త పెన్ను కొన్నాను. ఆదివారం పొద్దుటి పాసింజరుకి వస్తున్నాను. మీ తాజా లెక్క ప్రకారం తాయారు నా పేరు అనడం పూర్తిగా మానేసింది, కనుక ఇంతకన్నా మంచి సమయం దొరకదు. సెప్టెంబరు పరీక్షకు కూర్చోమని నేనే బతిమాలుతాను.

మీ
నారాయణమూర్తి

తా.క. ఈ నాలుగు ముక్కలు దయచేసి వరండాలో చదవకండి. జగ్గమ్మ గారు మీ పేరు పలకడం ప్రచారం కాదు బావగారూ. అది రీడింగు. మీ ఇంట్లో వక్రరేఖ పైకి పోతోంది. జాగ్రత్త.


విజయనగరం,
13 ఆగస్టు 1968

బొబ్బిలిలో ఉన్న మా అన్నయ్య నరసింగరావుకీ, ఆదివారం అక్కడ రైలు దిగి ఉంటాడనుకుంటున్న నారాయణమూర్తికీ తాయారు రాయించుకోకుండా, స్వయంగా రాస్తున్నది.

ఆయన బొబ్బిలి వచ్చే బండీ, మేము విజయనగరం వచ్చే బండీ గజపతినగరంలో పక్కపక్కనే ఆగాయి. ఆయన కిటికీ దగ్గర కూర్చుని కాగితం మీద ఏదో గీసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. వదిన చెయ్యి ఊపింది కూడా. ఈసారి తాళంచెవి ఇచ్చి పోయాడట, ఇంటి ఓనరు దాలమ్మ గారు మాకు తలుపు తీసింది.

మీ ఉత్తరాలన్నీ వంటింట్లోంచి విన్నాం. 'వరండాలో చదవకండి' అన్న ముక్కని అన్నయ్య మిగతా వాటికన్నా గట్టిగా చదివాడు. చదివాక దాని అర్థం తెలియడానికి కొంతసేపు పట్టింది. ఆ కొంతసేపటిలోనే వదిన పెట్టె సర్దింది.

నా కోపం తగ్గి పేరు మానలేదు. కొలుస్తున్నారని తెలిశాక మానేశాను. నన్ను గిన్నె అన్న రోజునే పుస్తకం మళ్ళీ తీశాను. సాయంత్రాలు వంటింట్లో మేము చదివింది పారాయణం కాదు అన్నయ్యా. గో, వెంట్, గాన్. వదినకి నా కన్నా తొందరగా వస్తోంది. తను మడత పెట్టిన కరపత్రం ఒకటి నిన్న మొదటిసారి కూడబలుక్కుని చదివింది. చదివి, "బాగానే రాస్తాడే" అంది.

స్వీడను ఆయన లెక్క నాకు కొంచెం అర్థమైంది. మిగతాది మెట్రిక్ అయ్యాక చూస్తాను.

ఇట్లు,
తాయారు
(పక్కన వంకరగా ఉన్నది వదిన సంతకం. జగ్గమ్మ అని.)

తా.క. మా డిమాండ్లు:

1. పరీక్ష అయ్యేదాకా మీరిద్దరూ బొబ్బిలిలోనే ఉండాలి. కాలేజీ ఉన్నవాళ్ళు రోజూ రైల్లో వచ్చి, స్టేషను నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి స్టేషనుకి పోవాలి. దారిలో ఈ వీధి లేదు.

2. వంట మీరే చేసుకోవాలి. ఎలా చెయ్యాలని అడుగుతూ ఉత్తరం రాయకూడదు.

3. వదిన వచ్చే ఏడు పరీక్షకు కడుతుంది. ఆవిడకి చదివే టైములో ప్రెస్సు పని చెప్పకూడదు. మిగతా టైములో చెప్తే కూలి ఇవ్వాలి.

4. నా కోపం మీద వ్యాసం అచ్చయితే, పైన నా పేరుండాలి. దాని కింద నారాయణమూర్తి పేరు.

5. దీనికి జవాబు 'సరే' అని గాని, 'కుదరదు' అని గాని ఉండాలి. సిద్ధాంతం రాస్తే తిప్పి పంపుతాం.

6. సరే అన్నంత మాత్రాన అంతా అయిపోయిందనుకోకూడదు.

7. పరీక్ష రోజున ఇద్దరూ గేటు దగ్గరికి రావచ్చు. బయటే నిలబడాలి. ఎలా రాశావని అడగకూడదు. మేము చెప్తే వినాలి.