‘వచ్చారు’ అనే అచ్చును ఎవరూ అరగదీయకూడదు

ఈ వీధిలో చేత్తో అచ్చు వేసే కార్డుల కొట్టు నడుపుతున్న నేను, వచ్చే వారం ఆపరేషన్‌కి వెళ్లబోతూ, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరుగారు రాసిచ్చారు. అన్నయ్యకు ఆ సర్టిఫికెట్ చాలదు. నేను నోరు విప్పితే చాలు, ‘దీనికి మతి పోయింది’ అంటాడు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితాన్ని కసిరి కూర్చోబెట్టలేడు.

1. వెనక గదిలోని బల్ల, ఇంకు ప్యాడ్లు, నీళ్లు చిమ్మే సీసాలు, రబ్బరు అచ్చులు నా మేనకోడలికి, అనగా అన్నయ్య కూతురికి, సర్వహక్కులతో చెందాలి. పని తనకు తెలుసు. రేపెవరూ పాడైన సరుకని పారేయకుండా రాస్తున్నాను: అచ్చు మీద రెండు రంగులు అద్ది, ఒక్క జల్లు నీళ్లు కొట్టి, మందపాటి కాగితం మీద ఆనించి ఎత్తాలి. రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకి, కుంచెతో వేసినట్టు వస్తాయి. ఏ రెండూ ఒకేలా రావు. అన్నయ్య దాన్ని మరక అంటాడు. కొనేవాళ్లు ఆ మరక కోసమే వస్తారు.

2. బిడ్డ పుట్టిన కబురు కార్డులకు పాత అచ్చులు రెండున్నాయి. ‘అబ్బాయి పుట్టాడు’ అరిగిపోయింది. ‘అమ్మాయి పుట్టింది’ ఇంకా నున్నగా మెరుస్తోంది. వాడని రబ్బరు మీద నీటిరంగు నిలవక చుక్కలుగా జారిపోతుంది. ఈ వీధిలో ఆడపిల్లలు పుట్టక కాదు, చెప్పుకోవడానికి నోళ్లు రాక. ఈ రెండూ చెత్తబుట్టకు దఖలు.

3. వాటి బదులు నేను కోసిన అచ్చు: ‘మా ఇంటికి ఒకరు వచ్చారు.’ తగాదా అంతా దీని మీదే. ‘పాలు తాగే పిల్లకి వచ్చారేంటే, జడ్జిగారా?’ అన్నాడు అన్నయ్య. అవును, జడ్జిగారే! వాడా, అదా అని తేల్చకుండా మనిషి గురించి చెప్పాలంటే మన భాషలో గౌరవించక తప్పదు. ఆ గౌరవం పుట్టినరోజునే ఎందుకివ్వకూడదు? నీలమూ గులాబీ కలిపి నీళ్లు కొడితే ఏది ఎవరి రంగో తేలదు. తేలకూడదనే కొడుతున్నాను. నేను పోగానే దీన్ని అరగదీసి పాతవి చేయిస్తానని ఆయన అందరి ముందూ అన్నాడు. ఈ అచ్చును గీకడం, దాచడం, అమ్మడం నిషిద్ధం.

4. వీధివైపు షాపు గది అన్నయ్యకు, ఒక షరతు మీద. ఊరందరికీ కార్డులు కొట్టిన ఈ కొట్టులో, తన కూతురు పుట్టినప్పుడు ఒక్క కార్డు పడలేదు. ‘ఈసారికి వద్దులే’ అన్నాడు. వదిన గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన పైన చెప్పిన కొత్త అచ్చుతో ఆ కార్డులు ఇప్పుడు కొట్టి, వీధిలో ప్రతి గడపకూ స్వయంగా ఇవ్వాలి. నవ్వేవాళ్లను నవ్వనివ్వాలి. అంతవరకూ తాళం మేనకోడలి దగ్గరే ఉంటుంది. చెయ్యి వణుకుతోందని సాకు చెప్పకు అన్నయ్యా. వణికే చేతికి రంగు ఇంకా బాగా పాకుతుంది.

5. వదినకు నా కిటికీ పక్క కుర్చీ. వెలుతురువైపు తిరిగి కూర్చోవాలి.

6. అమలు బాధ్యత మా పక్క కొట్టులో పుస్తకాలు కుట్టే బైండింగు మేస్త్రీగారిది. అన్నయ్య పేకాటలో ఓడించలేని మనిషి ఆయనొక్కరే.

7. వీలునామా నేను పోయాకే చెల్లుతుందన్నారు లాయరుగారు. చెల్లనివ్వండి. నేను బతికి తిరిగొచ్చినా ఆ కార్డులు పంచాల్సిందే, మొదటిది నాకే ఇవ్వాలి. తలుపు తీసి, ‘ఎవరొచ్చారు?’ అని అడుగుతాను. అన్నయ్య తన కూతురి పేరు చెప్పాలి. గట్టిగా, ఎదురింటికి వినపడేలా.

తేదీ: ఆపరేషన్‌కి ముందు వారం, సోమవారం
(సంతకం) కార్డులత్త
సాక్షులు: ఎదురు మందుల షాపు ఆవిడ, లాయరుగారి గుమాస్తా