అత్త చెవికి అందిన ఇన్సులిన్

బుధవారం, కళింగపట్నం

షుగరుతో అత్త చూపు మందగించినప్పటి నుంచి సిరంజిలోకి ఇన్సులిన్ తీసేది నేనే. అందుకే చీపురుపల్లిలో పుట్టింటికి వెళ్లినా ఏనాడూ రాత్రి ఉండలేదు. ఇవాళ డాక్టరిచ్చిన ఇన్సులిన్ పెన్నును అత్త చెవి దగ్గర పెట్టుకుని, "ఒరే, టీవీ కట్టేయండ్రా! సముద్రం హోరు సాల్దా?" అని ఇంటిల్లిపాదినీ గదిమింది. పెన్ను వెనక మర తిప్పుతుంటే ఒక్కో యూనిట్‌కీ టిక్కుమంటోంది. అత్త టిక్కులు లెక్కపెట్టుకుని ఆపాక పెన్ను మీద అంకె చూశాను. అచ్చం డాక్టరు చెప్పిందే! ఆ టిక్కు పెట్టాలని తోచిన మనిషెవరో గానీ, దండం పెట్టాలనిపించింది.

"ఏటే అలా సూస్తావు? పుట్టింటికెల్లి నాల్రోజులుండిరా," అంది అత్త.

అంకె చూసే పని మా ఆయనకు అప్పగించి సంచి సర్దుకున్నాను. అయినా రేపు ఈ వేళకు, చీపురుపల్లిలో నా చెవులు ఆ టిక్కుల కోసమే వెతుక్కుంటాయేమో.